సమురాయ్‌ల పరువు నిజమా, సినిమావాళ్ళు కట్టిన కథా?

వరంగల్_వాసు
ది లాస్ట్ సమురాయ్ (2003) ఇంటర్‌లో ఉన్నప్పుడు చూశాను. ఆఖర్లో గుర్రాల మీద కత్తులు దూసి గాట్లింగ్ తుపాకులకు ఎదురెళ్తారే, ఆ సీనుకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇప్పుడు చూసినా అంతే. పోయిన వారం ఆఫీసులో ఒకాయన "నీకు సమురాయ్ సినిమాలంటే ఇష్టం కదా, 1962లో వచ్చిన హరాకిరి చూడు" అన్నాడు. చూశాను. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. ఒక సినిమా పరువు కోసం ప్రాణాలివ్వడం ఎంత గొప్పో చెప్తుంది. రెండోది ఆ పరువులో ఏమీ లేదు, పైన కవచం తప్ప లోపలంతా ఖాళీ అంటుంది. మొదటిది అమెరికావాళ్ళు తీసింది, రెండోది జపాన్‌వాళ్ళే తీసుకున్నది. సొంత వీరుల్ని వాళ్ళే ఎందుకలా చీల్చి చెండాడారు? ఇందులో ఏది నిజం? కోపం కూడా వస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు.

గోదారి_గట్టు
ముందు ట్వైలైట్ సమురాయ్ చూడండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పాత_రీలు
వాసు గారూ, మీ కోపం ఎవరి మీదో నేను చెప్తాను. హరాకిరి కథ జరిగేది 1630లో. 1600లో సెకిగహారా యుద్ధం, 1615లో ఒసాకా కోట ముట్టడి. ఆ రెండూ అయ్యాక దేశంలో పెద్ద యుద్ధాలు లేవు. ఆ రెండూ గెలిచిన తొకుగవా వంశపు షోగున్ల (సైనిక పాలకుల) ప్రభుత్వం ఒక్కో సంస్థానాన్నీ రద్దు చేస్తుంటే వాటిలో కొలువున్న వేలమంది రోడ్డున పడ్డారు. చేతిలో కత్తి ఉంది, వంట్లో విద్య ఉంది, ఇంట్లో బియ్యం లేవు. అలాంటివాళ్ళలో కొందరు పెద్దింటి గడపకొచ్చి "మీ ముంగిట్లో కడుపు కోసుకుని గౌరవంగా చస్తాను, చోటివ్వండి" అని అడుగుతారు. చావడానికి కాదు, ఎంతో కొంత చేతిలో పెట్టి పంపుతారన్న ఆశతో. ఇయి వంశం వాళ్ళు మాత్రం ఈ అలవాటు మాన్పించాలని ఒక కుర్రాడిని పట్టుకుని "సరే, చావు" అంటారు. వాడి దగ్గరున్నవి వెదురు కత్తులు. అసలువి ఇంట్లోవాళ్ళ కోసం ఎప్పుడో అమ్మేశాడు. ఆ వెదురు బద్దతోనే కోసుకోమంటారు. అది దిగదు. నేల మీద ఆనించి ఒంటి బరువంతా దాని మీద వేస్తాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒక్కడూ కదలడు. పద్ధతి ప్రకారం జరుగుతోందా లేదా అన్నదే వాళ్ళకు ముఖ్యం.

దర్శకుడు మసాకి కొబయాషిని యుద్ధకాలంలో సైన్యంలోకి లాక్కెళ్ళి మంచూరియా పంపారు. ప్రమోషన్ ఇస్తామంటే వద్దని మామూలు సిపాయిగానే ఉండిపోయాడాయన. పరువు పేరు చెప్పి పైవాళ్ళు కిందివాళ్ళను ఎలా చంపుతారో కళ్ళారా చూసిన మనిషి. సమురాయ్‌ని తిట్టాలని తీసిన సినిమా కాదది. సమురాయ్ పేరు వాడుకున్న వ్యవస్థను తిట్టాడు.

సినీ_పిచ్చి
కథంతా చెప్పేశారుగా! ఈ రాత్రికి పెట్టుకుందామనుకున్నా.

పాత_రీలు
అరవై ఏళ్ళు దాటిన సినిమా తమ్ముడూ, ఇంకా ఎన్నాళ్ళు దాస్తాం! నేను చెప్పింది సగమే. హీరో తత్సుయా నకదాయ్ వచ్చి ఆ ముంగిట్లో కూర్చున్నాక జరిగేది చెప్పలేదు. నిశ్చింతగా చూడు.

రాయచోటి_రాజా
హరాకిరి గొప్ప సినిమా, కాదనను. అంతమాత్రాన లాస్ట్ సమురాయ్‌ని తీసిపారేస్తే ఒప్పుకోను. కెన్ వతనబే పక్కన టామ్ క్రూజ్ చిన్నగా కనిపిస్తాడు. హిరొయుకి సనదా వర్షంలో కర్రతో కొట్టి కొట్టి నేర్పే సీను చూడండి, ఒక్క డైలాగు లేకుండా శిక్షణ అంటే ఏంటో చెప్తుంది. ఒక కాలం అయిపోతున్నప్పుడు దాన్ని నమ్ముకున్నవాళ్ళు తలెత్తుకుని పోవడంలో అందం లేదా? చరిత్ర అటూ ఇటూ అయితే అవనీ, భావం నిజం.

చరిత్ర_పుస్తకం
భావం సంగతి తర్వాత, ఆ "అటూ ఇటూ" ఎంతో చూద్దాం. కెన్ వతనబే వేసిన కత్సుమొతో పాత్రకు మూలం సైగో తకమొరి. 1877లో ప్రభుత్వం మీద సత్సుమా (దక్షిణాన ఆయన సొంత ప్రాంతం) తిరుగుబాటు నడిపింది ఆయనే. సినిమాలో తిరుగుబాటుదారులు తుపాకీ ముట్టరు. నిజంలో సైగో మనుషుల దగ్గర రైఫిళ్ళున్నాయి, ఫిరంగులున్నాయి. మార్చిలో కుమమొతో దగ్గర తబరుజకా కొండదారిలో 17 రోజులు యుద్ధం జరిగింది. సత్సుమావాళ్ళ ఎన్‌ఫీల్డ్‌లు మూతివైపు నుంచి మందు కూరేవి, వానలో తడిస్తే పేలవు. ప్రభుత్వం దగ్గర వెనకనుంచి తూటా పెట్టే స్నైడర్లు. ఆ రోజుల్లో వానలు పడ్డాయి.

ఇంకో సంగతి వినండి. దగ్గరికొచ్చి కత్తులతో మీద పడుతున్న సత్సుమావాళ్ళను ఆపలేక ప్రభుత్వమే పోలీసుల్లోంచి కత్తి విద్య తెలిసినవాళ్ళను ఏరి ఒక దళం కట్టింది. పేరు బత్తోతై. వాళ్ళలో ఎక్కువమంది పాత సమురాయ్‌లే. 1868లో షోగున్ పక్షాన నిలిచి సత్సుమా సైన్యాల చేతిలో ఓడిపోయిన ఐజు సంస్థానంవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. అంటే కొత్త ప్రభుత్వం తరఫున కత్తులు, పాత సంప్రదాయం తరఫున తుపాకులు. సినిమా చూపించిందానికి ఇది తలకిందులు.

టామ్ క్రూజ్ వేసిన అమెరికన్ కెప్టెన్ సంగతీ అంతే. ఆ పాత్రకు దగ్గరగా ఉన్న నిజమైన మనిషి జ్యూల్ బ్రూనే అనే ఫ్రెంచి అధికారి. ఆయన షోగున్ సైన్యానికి శిక్షణ ఇవ్వడానికొచ్చి, వాళ్ళు ఓడిపోతున్నా వదలకుండా 1869లో హకొదతె దాకా వాళ్ళతోనే ఉన్నాడు. సైగో అప్పుడు అవతలి పక్షం.

సినీ_పిచ్చి
ఫుజి పర్వతం అన్నా నిజమా?

చరిత్ర_పుస్తకం
షూటింగు ఎక్కువ భాగం న్యూజీలాండ్‌లో. వెనక కనిపించేది తరనాకి కొండ. ఫుజిలాగే ఉంటుంది కాబట్టి అక్కడికెళ్ళారు.

ఫుకుఓకా_నుంచి
ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, కాగోషిమా బుల్లెట్ ట్రైన్‌లో గంటన్నర దూరం. అక్కడ సైగో పెట్టిన బడి ఉండేది. ఇప్పుడు దాని రాతి గోడ మిగిలింది. ఆ గోడ నిండా తూటాల గుంటలు. వేలు పెట్టి చూశాను, కొన్నిటిలో సగం వేలు దిగుతుంది. పక్కన షిరొయామా గుట్ట. 1877 సెప్టెంబరు 24 తెల్లవారుజామున సైగో దగ్గర మిగిలింది కొన్ని వందలమంది, చుట్టూ ప్రభుత్వ సైన్యం వేలకు వేలు. ఆయనకు తూటా తగిలింది, కదల్లేకపోతే అనుచరుడు బెప్పు షిన్సుకే తల నరికాడు. సినిమాలోలా శత్రువులంతా మోకాళ్ళ మీద కూర్చుని మొక్కిన దృశ్యం అక్కడ లేదు.

అయితే రాజా గారూ, మీ మాటలోనూ బలముంది. ఆ ఊళ్ళో సైగో అంటే ఇప్పటికీ ప్రాణం. తిరుగుబాటు చేసినవాడిని 1889లో అదే ప్రభుత్వం క్షమించింది, 1898లో టోక్యో ఉఎనో పార్కులో విగ్రహం లేచింది. యూనిఫాం లేదు, పతకాలు లేవు. ఇంట్లో కట్టుకునే బట్టలు, పక్కన కుక్క. ఓడినవాడిని జనం ఊరికే అంత ప్రేమించరు.

తబరుజకాలో మ్యూజియం కూడా చూశాను. గాల్లో ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని అతుక్కుపోయిన తూటాలు పెట్టారు. అవి చూశాక అక్కడ కత్తుల యుద్ధమే జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

లెక్కల_మాస్టారు
అందరూ కత్తీ తుపాకీ అంటున్నారు, బియ్యం గురించి ఎవరూ మాట్లాడరేం? సమురాయ్ అంటే జీతగాడు. జీతం బియ్యం లెక్కన. ఒక కొకు అంటే సుమారు 150 కిలోలు, ఒక మనిషికి ఏడాది తిండి అని అంచనా. 1868లో షోగున్ పోయి చక్రవర్తి పేరిట మెయిజి ప్రభుత్వం వచ్చాక కుటుంబాలతో కలిపి జనాభాలో 5-6 శాతం ఉన్న ఈ వర్గానికి ఇచ్చే భత్యాలే ఖజానాలో మూడో వంతు దాకా మింగేసేవి. 1873లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది, రైతుబిడ్డ చేతికీ తుపాకీ ఇచ్చారు. అంటే సమురాయ్ చేసే పని పోయింది. 1876 మార్చిలో బయట కత్తి పెట్టుకు తిరగొద్దన్నారు, గుర్తు పోయింది. అదే ఏడాది ఆగస్టులో భత్యం ఆపేసి చేతిలో బాండ్లు పెట్టారు, తిండి పోయింది. వడ్డీ చాలామందికి 5 నుంచి 7 శాతం. చిన్న జీతాలవాళ్ళకు అది ఏ మూలకు? వ్యాపారం తెలియనివాళ్ళు బాండ్లు అమ్ముకుని దుకాణాలు పెట్టి నిండా మునిగారు. ఆ యుగం ఏ యుద్ధభూమిలోనూ అంతం కాలేదు. ఖజానా ఆఫీసులో అయింది. దాని మీద సినిమా తీస్తే ఎవరూ గుర్రాలెక్కరు కాబట్టి తీయలేదు.

రాయచోటి_రాజా
మాస్టారూ, జీతం పోయిందని ఎవరైనా కొండెక్కి ప్రాణాలిస్తారా? సైగో ఆ కొత్త ప్రభుత్వాన్ని నిలబెట్టినవాళ్ళలోనే ఒకడు. సుఖంగా పదవిలో ఉండొచ్చు. 1873లో రాజీనామా చేసి ఊరెళ్ళిపోయాడు. 1877లో తన శిష్యులు ఆయుధాగారం మీద పడ్డాక వాళ్ళను వదల్లేక ముందు నడిచాడు. దాన్ని రూపాయల్లో కొలవలేరు.

లెక్కల_మాస్టారు
సైగోని కొలవలేను, ఒప్పుకుంటా. ఆయన వెనక నడిచిన వేలమందిలో ఎంతమందికి ఇంట్లో బియ్యం అయిపోయాయో అది మాత్రం కొలవొచ్చు. ఇద్దరినీ ఒకే ఫ్రేములో చూపించిన సినిమా కావాలంటున్నా.

గోదారి_గట్టు
ఉంది మాస్టారూ. రెండో పోస్టులో చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. ట్వైలైట్ సమురాయ్, 2002, యోజి యమదా.

తెనాలి_అమ్మాయి
నేను పట్టించుకున్నా, నిన్న చూశా. రాజా గారు మెచ్చుకున్న సనదాయే ఇందులో హీరో. పేరు సెయిబెయ్, జీతం 50 కొకు, పని సంస్థానం గిడ్డంగిలో సరుకుల లెక్కలు. భార్య క్షయతో పోయింది. ఇంట్లో మతి తప్పిన తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. సాయంత్రం కాగానే తోటివాళ్ళు తాగడానికి రమ్మంటే రాకుండా ఇంటికెళ్ళి పురుగుల్ని పెట్టే చిన్న చిన్న బుట్టలు అల్లి అమ్ముతాడు. బట్టలు చిరుగులు, స్నానానికి తీరిక లేదు. ప్రభువు గిడ్డంగి చూడ్డానికొచ్చినప్పుడు ఇతని ఒంటి వాసన తగిలి పరువు పోతుంది. సమురాయ్ పరువు పోవడమంటే అక్కడ అదీ!

నాకు బాగా నచ్చింది పెద్దపిల్లతో మాట్లాడే సీను. బుట్టలల్లుతూ ఉంటాడు. కుట్టుపని నేర్చుకుంటే బట్టలు కుట్టుకోవచ్చు, పుస్తకం చదివితే ఏమొస్తుంది నాన్నా అని అడుగుతుంది. ఆలోచించే శక్తి వస్తుంది, లోకం ఎలా మారినా ఆలోచించగలిగితే బతుకుతావు అంటాడు. తన కాలం అయిపోతోందని తెలిసిన తండ్రి కూతురికి కత్తి ఇవ్వలేదు, చదువిచ్చాడు. ఈ చర్చలో ఇంతసేపు పరువు గురించి మాట్లాడినవాళ్ళంతా మగవాళ్ళ చావు గురించే మాట్లాడారు. చనిపోయినవాడి ఇంట్లో మర్నాడు పొయ్యి ఎవరు వెలిగించారో ఆ సినిమా ఒక్కటే అడిగింది. కథ చెప్పేది కూడా చిన్నకూతురే, ముసలిదయ్యాక.

వరంగల్_వాసు
పొట్లాట ఉంటుందా అందులో?

తెనాలి_అమ్మాయి
ఒకటుంది చివర్లో. పై అధికారుల హుకుం మీద యోగో అనే అతన్ని చంపడానికి వెళ్తాడు. చీకటి ఇల్లు, ఈగలు, తాగుతూ కూర్చున్న మనిషి. ఇద్దరూ చాలాసేపు కష్టసుఖాలు చెప్పుకుంటారు, ఇద్దరి కష్టమూ ఒకటే. పారిపోతా వదిలెయ్ అంటాడు యోగో. అప్పుడు సెయిబెయ్ మాటల్లో మాటగా భార్య అంత్యక్రియలకు పెద్ద కత్తి అమ్మేశానని, ఒరలో ఉన్నది వెదురుదని చెప్తాడు. అంతే, యోగోకి తిక్క రేగుతుంది, నన్ను చంపడానికి ఉత్త చేతులతో వచ్చావా అని. ఆ పేదరికంలోనూ ఆ పౌరుషం చావలేదు చూడండి. చివరికి యోగో ఎత్తిన పెద్ద కత్తి గుమ్మం పైదూలానికి తగులుకుంటుంది. ఆ రెప్పపాటులో పొట్టి కత్తి పని కానిస్తుంది.

పాత_రీలు
హరాకిరిలోనూ వెదురు కత్తే, ఇక్కడా వెదురు కత్తే. నలభై ఏళ్ళ తేడాలో ఇద్దరు దర్శకులు ఒకే వస్తువుని పట్టుకున్నారు. కొబయాషికి అది అవమానం, యమదాకి బాధ్యత. యోగోగా చేసిన మిన్ తనకా నాట్యకారుడు, ఆ పడిపోయే తీరు గమనించండి.

ఆపరేటర్_గారబ్బాయి
ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఈరోజు రాయాలనిపించింది. మా నాన్న మా ఊరి థియేటర్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. కార్బన్ కడ్డీలు మండించే రోజుల నుంచీ ఉన్నాడు. రీలు మారేచోట తెర మీద చుక్క పడగానే రెండో మిషన్ అందుకునేవాడు, హాల్లో ఒక్కడికీ తెలిసేది కాదు. డిజిటల్ వచ్చాక యజమాని మీటింగు పెట్టలేదు, సన్మానం చేయలేదు. పార్కింగ్ టోకెన్లు చించే పనుంది చేస్తావా అన్నాడు. చేశాడు. మా చదువులు అయ్యేదాకా చేశాడు. లాస్ట్ సమురాయ్‌లో ఆఖరి యుద్ధం చూసినప్పుడు నాకేమీ అనిపించలేదు. సెయిబెయ్ బుట్టలల్లుతుంటే మాత్రం ఆపి బయటికెళ్ళి వచ్చాను.

తెనాలి_అమ్మాయి
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

రాయచోటి_రాజా
ఆపరేటర్ గారబ్బాయ్, ఇంకా ఎక్కువ రాయి తమ్ముడూ ఇక్కడ.

పాత_రీలు
తుపాకీ సంగతికి వస్తాను, చరిత్ర_పుస్తకం గారు మొదలెట్టారు కాబట్టి. కురొసావా తీసిన సెవెన్ సమురాయ్ (1954) అందరూ చూసుంటారు. ఏడుగురిలో నలుగురు పోతారు. ఎవరి చేతిలోనో గుర్తుందా? ఒక్కరూ కత్తికి పోలేదు, నలుగురూ తుపాకీకే. క్యూజో ఆ ఏడుగురిలో కత్తి విద్యలో మొనగాడు. రాత్రి ఒంటరిగా వెళ్ళి దొంగల తుపాకీ ఒకటి ఎత్తుకొస్తాడు, ఏం జరగనట్టు కూర్చుని నిద్రపోతాడు. చివరి వానలో గుడిసెలో దాక్కున్నవాడు పేలిస్తే బురదలో కూలతాడు. కూలుతూ కూడా తూటా వచ్చిన దిక్కుకే కత్తి విసురుతాడు. ముప్పై ఏళ్ళు సాధన చేసినవాణ్ణి చంపడానికి ఒక వేలు చాలు. కురొసావా ఆ మాట ఎక్కడా అనిపించడు, చూపిస్తాడు. ఆ కథాకాలం 1580లు, అంటే సమురాయ్‌ల ప్రభ వెలుగుతున్న రోజులు. అప్పటికే అంతం మొదలైందని ఆయన లెక్క.

ఆయనదే కగెముషా (1980) ఇంకా ఘోరం. 1575 నాగషినో యుద్ధం, తకెదా వంశపు అశ్వదళం శత్రువు నొబునాగా తుపాకుల మీదికి దూకుతుంది. కాల్పులప్పుడు గుర్రాలు పడటం చూపించడు. మొహాలు చూపిస్తాడు. ఆ తర్వాత నేల నిండా లేవబోయి లేవలేక కొట్టుకుంటున్న గుర్రాలు. లాస్ట్ సమురాయ్ ఆఖరి సీనుకి మూలం ఇదే అనిపిస్తుంది నాకు, కాకపోతే ఇక్కడ అందం లేదు.

చరిత్ర_పుస్తకం
చిన్న చేర్పు. తుపాకీ సమురాయ్‌కి పరాయిది కాదు. 1543లో పోర్చుగీసువాళ్ళు తనెగషిమా దీవికి తెచ్చారు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి నాగషినోలో దాంతోనే గెలిచిన నొబునాగా కూడా సమురాయే. కత్తి ఒక్కటే పవిత్రం అన్న మాట బాగా తర్వాతిది.

బడి_గంట
మరి బుషిదో అని ఒక నియమావళి ఉండేదంటారు కదా? పరువు, విశ్వాసం, ప్రాణత్యాగం...

చరిత్ర_పుస్తకం
ఆ పేరు లోకమంతా పాకింది ఇనజో నితొబె ఇంగ్లీషులో రాసిన పుస్తకంతో. అచ్చయింది 1900లో, అమెరికాలో. అప్పటికి సమురాయ్ వర్గం లేకుండా పోయి పాతికేళ్ళు. ఇంకొంచెం వెనక్కెళ్తే హగకురె, సమురాయ్ మార్గం చావులో ఉంది అన్న మాట అందులోదే. చెప్పింది యమమొతో త్సునెతొమొ, సాగా సంస్థానంలో కొలువు చేసినవాడు, యుద్ధం చూడనివాడు. 1700లో ప్రభువు పోతే వెంట చావడానికి చట్టం ఒప్పుకోక సన్యాసం తీసుకున్నాడు. యుద్ధాలున్నప్పుడు వాళ్ళు పక్షాలు మార్చారు, దొంగదెబ్బ తీశారు, బతకడానికి చేయాల్సినవన్నీ చేశారు. యుద్ధాలు పోయాకే పరువు గురించి పుస్తకాలొచ్చాయి.

రాయచోటి_రాజా
పుస్తకంలో ఎప్పుడొచ్చినా ఆచరించినవాళ్ళున్నారు కదా. 47 మంది రోనిన్ల (ప్రభువును కోల్పోయిన సమురాయ్‌ల) సంగతేంటి? 1701లో ప్రభువు చేత కడుపు కోయించారు. రెండేళ్ళు కాకముందే వీళ్ళు శత్రువు ఇంటి మీద పడి తల తెచ్చి ప్రభువు సమాధి ముందు పెట్టారు. ఆ తర్వాత హుకుం ప్రకారం 46 మంది కడుపు కోసుకున్నారు. టోక్యో సెంగకుజి గుడిలో సమాధుల ముందు ఇప్పటికీ అగరొత్తులు వెలుగుతూనే ఉంటాయట. అది కట్టుకథ కాదు.

ఫుకుఓకా_నుంచి
వెలుగుతాయి. పొగకి కళ్ళు మండాయి నాకు.

పాత_రీలు
ఆ కథకి ఎన్ని సినిమాలో లెక్క పెట్టలేం. 1941లో యుద్ధం ఊపులో ఉండగా మిజొగుచి చేత తీయించారు, ప్రజల్లో స్వామిభక్తి పెరగాలని. విచిత్రం ఏంటంటే ఆయన అసలు దాడిని చూపించనే లేదు. 1945లో ఓడిపోయాక అమెరికన్ సెన్సారు వచ్చి ప్రతీకారం, స్వామిభక్తి ఉన్న కత్తి సినిమాలే తీయొద్దంది. ఒకే పరువు, పదేళ్ళలోపు ఒక ప్రభుత్వం వాడుకుంది, ఇంకో ప్రభుత్వం నిషేధించింది. ఆ రెండూ చూసిన తరం తీసినవే హరాకిరి లాంటివి. వాసు గారూ, సొంత వీరుల్ని ఎందుకు చీల్చారని మొదట్లో అడిగారు కదా, నా జవాబు ఇది.

గోదారి_గట్టు
రాజా గారికీ మాస్టారికీ మధ్య ఇంకో సినిమా పెడతాను. వెన్ ది లాస్ట్ స్వోర్డ్ ఈజ్ డ్రాన్, యోజిరో తకిత తీశాడు. యోషిమురా అనే అతను కరువు ప్రాంతం నుంచి పెళ్ళాం పిల్లల కోసం సంస్థానం వదిలి క్యోటోలో షోగున్ తరఫున కాపలా కాసే షిన్సెంగుమి దళంలో చేరతాడు. ప్రతి పనికీ డబ్బడుగుతాడు, ప్రతి నాణెం ఇంటికి పంపుతాడు. తోటివాళ్ళు పిసినారి అని ఛీ కొడతారు. 1868లో తోబా ఫుషిమి యుద్ధంలో అందరూ వెనకడుగు వేస్తుంటే ఆ పిసినారే తుపాకుల ముందుకు పరిగెడతాడు. బతికి, గాయాలతో సొంత సంస్థానం గిడ్డంగికి చేరి ఆశ్రయం అడిగితే చిన్ననాటి స్నేహితుడే కడుపు కోసుకోమని చెప్పాల్సి వస్తుంది. చెప్పి, తన చేత్తో అన్నం ముద్దలు చేసి తెస్తాడు. డబ్బూ పరువూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఇంటిమీద ప్రేమే అతని పరువు.

అందులో కథ గుర్తు చేసుకునే సైతో హజిమె నిజంగా ఉన్న మనిషి. తర్వాత పోలీసు అయ్యాడు, 1877లో సత్సుమా మీద యుద్ధానికి వెళ్ళాడు కూడా.

లెక్కల_మాస్టారు
ఈ ఆదివారానికి అదే. మా ఆవిడ కూడా చూస్తానంటోంది, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉంటే నేను పక్కన కూర్చుని చెప్పాలి, అంతే.

వరంగల్_వాసు
ఇదంతా చదివాక నాకర్థమైంది నేను చెప్తాను. లాస్ట్ సమురాయ్ మీద ప్రేమ తగ్గలేదు. కానీ అందులో కత్సుమొతో ఊళ్ళో పొలం దున్నేవాళ్ళు, వంట చేసేవాళ్ళు వాళ్ళెవరో నాకు ఇప్పుడు తెలుసుకోవాలనుంది. అతని చెల్లెలి మొగుణ్ణి హీరోయే చంపాడు, చివర్లో హీరో ఆ ఊరికి తిరిగెళ్ళడం చూపించారు గానీ ఆమె, పిల్లలు ఆ తర్వాత ఎలా బతికారో సినిమా చెప్పలేదు. హరాకిరి మాత్రం ఇంకోసారి చూడటానికి కొన్నాళ్ళు పడుతుంది.

రాయచోటి_రాజా
నేను మాత్రం మెత్తబడను. అన్నీ బియ్యం లెక్కలకి దించేస్తే రేపు ఎవరూ దేనికోసమూ నిలబడరు. సెయిబెయ్ ఆ చీకటింట్లోకి వెళ్ళింది కూడా హుకుం మీద మాత్రమే కాదు, వెళ్తానని మాటిచ్చాడు కాబట్టి.

తెనాలి_అమ్మాయి
మాటిచ్చాడు కాదు, ఇప్పించారు! రాత్రి ఇంటికి పిలిపించి పెద్దలంతా కూర్చుని గద్దించాక తల వంచాడు. ఆ సీను మళ్ళీ చూడండి. యమదాయే 2004లో ది హిడెన్ బ్లేడ్ తీశాడు, అందులో సంస్థానం వాళ్ళు పడమటి పద్ధతిలో పరిగెత్తడం, కవాతు చేయడం నేర్చుకోలేక తంటాలు పడతారు. దాని హీరో స్నేహితుణ్ణి చంపమన్న హుకుం పాటించాక పైవాడి కుళ్ళు తెలుసుకుని సమురాయ్ హోదానే వదిలేస్తాడు, పనిపిల్లగా వచ్చిన అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఉత్తరాన ఎజో (ఇప్పటి హొక్కైదో దీవి) వెళ్ళిపోతాడు. నిలబడటం అంటే అది కాదా రాజా గారూ?

రాయచోటి_రాజా
అది చూడలేదు. చూసొచ్చి వాదిస్తా, చర్చ మూసేయకండి.